ఎల్ వన్

కర్నూలు డీలరు పంపిన కొటేషన్లు రెండు
ఆదోని మార్కెట్ యార్డులో, నా బల్ల మీద,
గాలికి ఎగరకుండా కిలో తూనికరాయి కింద.
రేపు పదకొండుకు కమిటీ.
కంపారిటివ్ స్టేట్‌మెంట్ ఒక పేజీ దాటకూడదని
సెక్రటరీ గారి హుకుం.

మొదటిది: అరవై నాలుగు ఎంబీ క్యాష్.
ఒంటి చిప్పు. పక్కన ఇంకొకదాన్ని ఒప్పుకోదు.
రెండోది: ముప్పై రెండే.
కానీ ఒకే బోర్డు మీద ఇద్దరు కూర్చోవచ్చు
భుజం భుజం ఆనించుకుని.

"క్యాష్ ఎక్కువుంటే మంచిదే గదప్పా,
ఎవురి క్యాషు? మందా, డీలరుదా?"
నవ్వలేదు సెక్రటరీ. నిజంగానే అడిగాడు.

కిటికీలోంచి ఆరో షెడ్డు చూపించాను.

అదిగో ఉరుకుందప్ప, కాటా గుమాస్తా.
ఇప్పుడంటే ఆముదాలే, ఏవో నాలుగు లాట్లు.
రికార్డు రూము అవతలి గేటు పక్కన,
పోయి రిజిస్టరు తిరగేసి వచ్చేసరికి
ఒక బీడీ అయిపోతుంది.
అందుకని ఆ పూటవన్నీ అగ్గిపెట్టె అట్ట మీద రాసి
చొక్కా జేబులో పెట్టుకుంటాడు.
మరీ తొందరవి అరచేతిలో.
"పెద్దతుంబళం మాదన్నది ఎంత?" అంటే
చెయ్యి తిప్పి చూసి "యాభై ఎనిమిది అరవై" అంటాడు,
అడిగినోడి నోరు మూతపడకముందే.

అరచెయ్యి ఎల్ వన్ సార్. జేబు ఎల్ టూ.
స్తంభానికి వేలాడే పలక ఎల్ త్రీ, షెడ్డంతటికీ ఉమ్మడి.
ఆ గేటు దాకా నడక ఉందే,
అది ర్యామ్.

"అయితే పెద్ద జేబు ఉండేదే కొందాం పా."

ఆగండి సార్.
కార్తీకంలో పత్తి దిగుతుంది.
బండ్లు సిరుగుప్ప రోడ్డు దాకా నిలబడతాయి.
ఎంత జేబున్నా మనిషి ఒక్కడే.
ఆ యేడు ఖాసీంవలిని తెచ్చి
ఎదురు కాటా మీద కూర్చోబెట్టారు, గుర్తుందా?
పని సగమైందా? కాలేదు.
ఇతని అట్ట మీద ధర మారితే
అతని అట్ట మీద కొట్టేయాలి.
"పద్నాలుగు మారిందబ్బీ!"
"కొట్టేసినా!"
"ఇరవై రెండు నాకాడుంది, ముట్టొద్దు!"
పొద్దంతా అరుపులు, గొంతుల్లో పత్తి నూగు.
చిప్పులూ అంతే. జతగా కూర్చుంటే
లెక్క చేసేది కొంత, పిలుచుకునేది కొంత.

ఒకనాడు జిన్నింగు మిల్లు సైరను మోగిన అర నిమిషంలో
ఒక్క పిలుపు వినపడలేదు.
హొళగుంద హనుమక్క చేతికి
ఒకే లాటుకు రెండు చీటీలు, రెండు ధరలు.
రెండూ మడిచి కొంగున ముడేసుకుని
"యాది నిజం జేస్తారో జేయండి, నాకు బస్సుండాది"
అని బోరాల మీద కూర్చుంది.
తక్కువ చీటీయే నిజమని తేల్చారు.
బస్సు ఎప్పుడో పోయింది.

ఈ ముక్క ఏ స్పెసిఫికేషన్ షీట్లోనూ ఉండదు,
నేనూ రాయలేదు.
రాత్రి తొమ్మిదికి రాసింది ఇంతే:
రెండోది మేలు.
ఇప్పటికి ఒక చిప్పు చాలు. రెండో సాకెట్టు మూతపెట్టి ఉంచుదాం,
వానలు నిలబడిన ఏడు తెరుద్దాం.
పిలుపు వినపడే బోర్డు అది.

పొద్దున కమిటీ ఏడు నిమిషాలు.
అందులో టీ నాలుగు.
"ఎల్ వన్ ఎవురు?" అన్నాడు చైర్మన్.
నా అరచెయ్యి దానంతటదే తెరుచుకుంది.
"మొదటోడు సార్," అన్నాడు అకౌంటెంటు,
"పదకొండు వేలు తక్కువ కోట్ చేసినాడు."

సంతకాలు అయిపోయాయి.
నా పేజీ ఫైల్లో అడుగున పడింది,
దాని మీద తూనికరాయి కూడా లేదు.

బయట కుళాయి దగ్గర ఉరుకుందప్ప
చేతిలోని అంకెల్ని సబ్బు పెట్టి రుద్దుతున్నాడు.
ఎదురు కాటా మీద గోనెపట్టా కప్పి ఉంది.
కార్తీకానికి ఇంకా మూడు నెలలు.